‘సాంద్రతర యానకం’తో నా పేచీ

అనంతపురంలో నేను ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పడం మొదలుపెట్టిన రెండో ఏట, వక్రీభవనం (ఒక పదార్థంలోంచి మరొకదానిలోకి పోయేటప్పుడు కాంతి వంగడం) పాఠం సగంలో ఉండగా, కదిరి వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో చదువుకుంటున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది. “సార్, కిరసనాయిలు నీళ్ల మీద తేలుతుంది గదా. అంటే నీళ్లకంటే అది విరళం. మరి నీళ్లలోంచి కిరసనాయిల్లోకి పోయే కాంతి లంబానికి దూరంగా జరగల్ల గదా సార్? పట్టికలో అంకెలు పెట్టి లెక్క వేస్తే దగ్గరికి జరుగుతాదని వస్తాంది,” అని అడిగింది. అదేదో అరుదైన మినహాయింపని, పరీక్షలో అడగరని చెప్పి ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను. నేను చెప్పినది తప్పు. అది మినహాయింపు కాదు. మేము రోజూ బోర్డు మీద రాసే మాటలోనే తిరకాసు ఉంది. ఆ సంగతి నాకు సరిగ్గా అర్థమయ్యేసరికి ఆ అమ్మాయి చదువు ముగించుకుని వెళ్లిపోయింది.

ఆ మాట ‘సాంద్రతర యానకం’. యానకమంటే తరంగం ప్రయాణించే పదార్థం, లంబమంటే రెండు పదార్థాల సరిహద్దుకు నిట్టనిలువుగా గీసే గీత. కాంతి విరళ యానకం నుంచి సాంద్రతర యానకంలోకి పోతే లంబం వైపు వంగుతుందని, తిరిగి వచ్చేటప్పుడు లంబానికి దూరంగా వంగుతుందని తెలుగు మాధ్యమంలో చదివినవారు నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. అయితే సాంద్రత అనగానే మన మనసులో మెదిలేది బరువే. ఘనపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములు అన్నదే ఎనిమిదో తరగతి పిల్లవాడికైనా సాంద్రత. కిరోసిన్ సాంద్రత సుమారు 0.8, నీటిది 1. శూన్యంలో కంటే కాంతి ఎన్ని రెట్లు నిదానిస్తుందో చెప్పే వక్రీభవన గుణకం కిరోసిన్‌కు 1.44, నీటికి 1.33. అంటే కాంతి నీటిలో సెకనుకు దాదాపు 2,25,000 కిలోమీటర్లు పోతే, తేలికైన కిరోసిన్‌లో 2,08,000 కిలోమీటర్లే పోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో సరిగ్గా ఈ కిరోసిన్ ఉదాహరణతోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. కానీ ఒక మాటను పాఠమంతా పదేపదే వాడి, ఒక్కచోట మాత్రం ‘దీనికి మీరనుకునే అర్థం లేదు’ అని చెబితే పిల్లలకు గుర్తుండేది ఏది? నా అనుభవంలో హెచ్చరిక గుర్తున్న పిల్లలు ఏడాదికి ఇద్దరు ముగ్గురికి మించి కనబడలేదు. అందుచేత ఆ మాటను సరిదిద్దుతూ కూర్చోవడం కంటే దాన్ని పక్కన పెట్టడమే మేలని నా వాదన.

బరువుకూ వంగడానికీ సంబంధం ఎంత పలచనిదో చూపించడానికి మా వైపు బుడ్డలని పిలిచే వేరుశనగ కన్నా మంచి సాధనం లేదు. ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజు కడ్డీని ముందు నీళ్లున్న గ్లాసులో నిలబెడితే అది అందరూ ఊహించినట్టే నీటిమట్టం దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. అదే కడ్డీని గ్లాసెడు వేరుశనగ నూనెలో నిలబెట్టినప్పుడు మాత్రం చూసేవారు ఒక్క క్షణం మాట మరిచిపోతారు. నూనె పైన ఉన్న భాగం మామూలుగానే కనిపిస్తుంది, నూనెలో ఉన్న భాగం మాయమైపోతుంది. కళ్లు చికిలించి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే వెంట్రుక మందాన ఒక అంచు లీలగా తెలుస్తుంది, అంతే. ఈ ప్రయోగాన్ని మొదట మా ఇంట్లోనే చేశాను. పోపుకు పెట్టుకున్న నూనెలో గాజు కడ్డీ ఏమిటని మా ఆవిడ కోప్పడి, తరువాత తానే రెండుసార్లు ముంచి తీసి చూసుకుంది. ఆ గాజు సాంద్రత 2.23, నూనెది 0.91. ఒకటి రెండోదానికి దాదాపు రెండున్నర రెట్లు బరువు. అయినా రెండింటి వక్రీభవన గుణకం 1.47కు అటూ ఇటూగా ఉండడం వల్ల, కాంతికి అక్కడ గట్టు ఒకటి ఉన్నట్టే తెలియదు. వంగాల్సిన పని లేదు, వెనక్కి తిరిగి రావాల్సిన పని కూడా లేదు. వెనక్కి తిరిగి వచ్చే కాంతి లేకపోతే గాజు మన కంటికి కనబడే దారి లేదు.

గట్టు అన్నాను కాబట్టి చేనులోకే వెళదాం. కలుపు తీసే ఆడవాళ్లు పదిమంది ఒకే వరుసలో, భుజం భుజం కలిపినట్టు, ముందుకు సాగుతున్నారనుకోండి. ఆ చేనులో ఒక మూల నుంచి ఏటవాలుగా తుంగ దట్టంగా పట్టిన తావు మొదలవుతుంది. వరుసలో ఒక కొసన ఉన్నావిడ ముందుగా తుంగలోకి అడుగుపెడుతుంది, ఆమె చేయి నిదానిస్తుంది. అవతలి కొసన ఉన్నావిడ ఇంకా శుభ్రమైన నేలలో అదే జోరుతో పోతూ ఉంటుంది. పదిమందీ తుంగలోకి వచ్చేసరికి వరుస తనంతట తానే కొంత తిరిగి ఉంటుంది, అందరూ ఇప్పుడు వేరే దిక్కుకు ముఖం పెట్టి ఉంటారు. ఎవరూ తిరగమని చెప్పలేదు. తరంగపు ముఖం రెండు పదార్థాల సరిహద్దులో తిరిగేది సరిగ్గా ఇలాగే. ఇందులో నేల బరువెంతన్న ప్రశ్నే రాలేదని గమనించండి. పని ఎంత నిదానించింది, సరిహద్దును ఎంత ఏటవాలుగా దాటారు అన్న రెండే లెక్కకు వచ్చాయి. మారనిది కూడా ఒకటుంది. సరిహద్దు దగ్గరకు సెకనుకు ఎన్ని తరంగ శిఖరాలు వస్తాయో అవతలికి అన్నే పోవాలి. లేకపోతే సరిహద్దులో అవి కుప్పపడాలి లేదా కొత్తవి పుట్టాలి. అందుకే పౌనఃపున్యం మారదు, వేగం తగ్గిన మేరకు తరంగదైర్ఘ్యం, అంటే శిఖరాల మధ్య దూరం, కుంచించుకుపోతుంది.

మరి కాంతి ఒక పదార్థంలో ఎందుకు ఎక్కువ నిదానిస్తుంది, ఇంకొకదానిలో ఎందుకు తక్కువ నిదానిస్తుంది? పరమాణువు బరువంతా దాదాపు కేంద్రకంలో ఉంటుంది. కాంతి కదిలించేది మాత్రం ఎలక్ట్రాన్లను. ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయి, ఎంత వదులుగా కట్టుబడి ఉన్నాయి అన్న దాని మీద కాంతి నిదానం ఆధారపడుతుంది. కేంద్రకం ఎంత లావుగా ఉంటే దానికేమిటి?

దీనికి సాక్ష్యం మన రాయలసీమ నేలలోనే రెండు చోట్ల ఉంది. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయిని చేతిలోకి తీసుకున్నవారెవరైనా ఆ బరువుకు ఆశ్చర్యపోతారు. చమురు బావులు తవ్వేటప్పుడు పోసే బురదకు బరువు చేకూర్చడానికి దానిని పొడిచేసి పంపేది ఆ గుణం వల్లే. బెరైటీస్ అనే ఆ ఖనిజపు సాంద్రత 4.5. రెండో సాక్షి వజ్రం. దాని సాంద్రత 3.5 మాత్రమే, ముగ్గురాయి ముందు తేలిక. పుస్తకంలోని మాటనే నమ్మితే ముగ్గురాయి వజ్రం కన్నా సాంద్రతర యానకం కావాలి, కాంతిని ఎక్కువ వంచాలి. కానీ ముగ్గురాయి వక్రీభవన గుణకం 1.64, వజ్రానిది 2.42. ముగ్గురాయి బరువు బేరియం కేంద్రకాలది. వజ్రంలో ఉన్నది తేలికైన కార్బనే, కానీ మనకు తెలిసిన పదార్థాలలో ఘనపు సెంటీమీటరుకు అన్ని పరమాణువులను కుక్కి పెట్టుకున్నది మరొకటి లేదు. దానిలో కాంతి వేగం సెకనుకు 1,24,000 కిలోమీటర్లకు పడిపోతుంది.

తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లోనూ వజ్రకరూరు చుట్టుపక్కలా తలలు వంచుకుని నేల వెతికే జనాన్ని ప్రతి ఏడూ చూస్తూనే ఉంటాం. వాన మట్టిని కడిగి రాళ్లను బయటపెడుతుందన్నది అందరికీ తెలిసిన కారణం. దీనికి కాంతిశాస్త్రం మరొకటి కలుపుతుంది. ఒక సరిహద్దు మీద నేరుగా పడిన కాంతిలో ఎంత భాగం వెనక్కి వస్తుందన్నది రెండు వైపుల గుణకాల మధ్య తేడాను బట్టి ఉంటుంది. గాలిలో ఉన్న పలుగురాయి పైతలం నుంచి నాలుగున్నర శాతం వెనక్కి వస్తే, దానిని నీళ్లలో ముంచినప్పుడు అది అర శాతానికి దిగిపోతుంది; గాజు నూనెలో మాయమైన దారిలోనే పలుగురాయి కూడా నీళ్లలో సగం మాయమవుతుంది. వజ్రం పైతలం గాలిలో 17 శాతాన్ని, నీళ్లలో మునిగినా ఎనిమిది శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. తడిసిన పలుగురాయి కంటే తడిసిన వజ్రం పదిహేను రెట్లు ఎక్కువ తిప్పికొడుతుందన్నమాట. పైపొర గరుకెక్కిన ముడి వజ్రంలో ఈ మెరుపు అంత తేటగా ఉండదు, కాబట్టి ఈ లెక్క పట్టుకుని పొలాలకు బయలుదేరమని ఎవరికీ సలహా ఇవ్వను.

ఈ మాట ఇంతగా తప్పుదారి పట్టిస్తుంటే దీనిని ఎవరు తెచ్చిపెట్టారన్న ప్రశ్న వస్తుంది. వక్రీభవన నియమం కనుక్కున్నవారిని అనడానికి లేదు. 984 ప్రాంతంలో బాగ్దాద్‌లోని ఇబ్న్ సహ్ల్, 1621లో డచ్చివాడైన స్నెల్ కనిపెట్టిన నియమంలో రెండు కోణాల సైన్‌ల నిష్పత్తి ఉందే తప్ప బరువు ప్రసక్తి లేదు. కాంతిని సన్నని రేణువులుగా ఊహించిన న్యూటన్ మాత్రం, పదార్థం ఆ రేణువులను తన వైపు లాక్కుంటుందని, అందుచేత నీటిలో కాంతి వేగం పెరుగుతుందని భావించాడు. పదార్థం ఎంత దట్టమైతే లాగుడు అంత ఎక్కువన్నది ఆ ఊహలో సహజంగా ఇమిడిపోతుంది. అయితే 1704లో అచ్చయిన కాంతిశాస్త్ర గ్రంథంలో ఆయనే ఒక పట్టిక వేసి, కర్పూరం, ఆలివ్ నూనె, అవిసె నూనె, టర్పెంటైన్, వజ్రం తమ సాంద్రతకు తగినదాని కంటే చాలా ఎక్కువగా కాంతిని వంచుతున్నాయని గుర్తించాడు. ఇవన్నీ మండే జిడ్డు పదార్థాలు కాబట్టి, వజ్రం కూడా గడ్డకట్టిన జిడ్డు పదార్థమై ఉంటుందని అనుమానించాడు కూడా. వజ్రం మండుతుందని తరువాతి కాలంలో రుజువైంది. 1850లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో తిరిగే అద్దంతో కొలిచి, నీటిలో కాంతి వేగం పెరగదు, తగ్గుతుందని తేల్చడంతో ఆ లాగుడు సిద్ధాంతమే పోయింది. సిద్ధాంతం పోయి 170 ఏళ్లు దాటినా దానికి అతికే మాట మన పుస్తకాల్లో నిలిచిపోయింది.

ఇంతవరకు కాంతి సంగతే చెప్పాను. తరంగం మారితే ఈ మాట తలకిందులే అవుతుంది. గుంతకల్లులో మా బావమరిది రైలు పట్టాలను అల్ట్రాసౌండ్‌తో, అంటే చెవికి అందని ధ్వనితో, పరీక్షించే పనిలో ఉన్నాడు. పట్టా మీద తోసుకుంటూ పోయే చిన్న ట్రాలీ, దాని మీద నీళ్ల క్యాను, తెర ఉన్న పెట్టె, అడుగున పట్టాను ఒరుసుకుంటూ జారుతూ, లోపలికి ధ్వనిని పంపే ప్రోబులు. ఒకసారి సెలవుకు వాళ్లింటికి వెళ్లినప్పుడు, అరిగిపోయి పక్కన పడేసిన ప్రోబు ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, “బావా, దీని మీద 70 అని రాసుంది గదా, కానీ ఈ ముక్కను కోసిన కోణం కొలిస్తే 53కు కూడా రాదు. ఎందుకో నువ్వే చెప్పాల,” అన్నాడు. అది పెర్‌స్పెక్స్ అనే గాజులాంటి ప్లాస్టిక్ ముక్క, అగ్గిపెట్టె కన్నా కొంచెం చిన్నది, పట్టాను తాకే తలం ఒరిపిడికి మసకబారింది.

జవాబు వేగాల్లో ఉంది. పెర్‌స్పెక్స్‌లో ధ్వని సెకనుకు సుమారు 2,730 మీటర్లు పోతుంది. ఉక్కులోకి ప్రవేశించాక అక్కడ అడ్డంగా ఊగే తిర్యక్ తరంగం 3,230 మీటర్లు పోతుంది. లంబంతో దాదాపు 53 డిగ్రీల కోణంలో వచ్చిన తరంగం ఉక్కులో వేగం పుంజుకుని లంబానికి దూరంగా, 70 డిగ్రీలకు వంగుతుంది. పట్టా తలలో అడ్డంగా పుట్టే పగుళ్లను పట్టుకోవడానికి కావలసింది ఆ 70 డిగ్రీలే. ముందుకూ వెనక్కూ ఊగే అనుదైర్ఘ్య తరంగం సంగతి ఇంకా చిత్రం: ఉక్కులో దాని వేగం 5,900 మీటర్లు కాబట్టి, తరంగం వచ్చి పడే కోణం 27 డిగ్రీలు దాటి ఒకటి రెండు డిగ్రీలు పోయేసరికి అది ఉక్కులోకి అడుగే పెట్టలేదు, తిర్యక్ తరంగం మాత్రమే లోపలికి పోతుంది. ఉక్కు పెర్‌స్పెక్స్ కంటే ఆరున్నర రెట్లు బరువైనది. ‘విరళం నుంచి సాంద్రతరానికి పోతే లంబం వైపు’ అని వల్లె వేసిన నా విద్యార్థి ఎవరైనా ఆ ముక్కను కోసి ఉంటే, ప్రోబు పగులును వదిలేసి మరెక్కడో వెతుకుతూ ఉండేది. నేను వేలితో కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే మా బావమరిది, “మరి మీ పుస్తకంలో ఉల్టా రాసిందే,” అన్నాడు. పుస్తకంలో రాసింది కాంతికని సర్దిచెప్పబోయి, కాంతికి కూడా అది సరిగ్గా లేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

నీటి సంగతీ అంతే. కాంతికి గాలి కంటే నీరు నిదానం. ధ్వనికి నీరు గాలి కంటే నాలుగు రెట్లకు పైగా జోరు. అందువల్ల గాలిలోంచి నీటి మీద పడే ధ్వని లంబానికి సుమారు 13 డిగ్రీలు దాటి ఏటవాలుగా వస్తే సంపూర్ణంగా పరావర్తనం చెందుతుంది, అంటే మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. ఈ సంపూర్ణ పరావర్తనాన్ని మనం ‘సాంద్రతరం నుంచి విరళానికి పోయేటప్పుడు మాత్రమే’ జరుగుతుందని నేర్పుతాం. చిన్నప్పుడు బావిలో ఈత నేర్చుకుంటూ మునిగినప్పుడు గట్టు మీద నుంచి మా నాయన వేసే కేకలు వినబడేవి కావు. నీటిలోకి నిట్టనిలువుగా వచ్చిన ధ్వనిలో కూడా వెయ్యింట ఒక వంతే లోపలికి వస్తుంది మరి. ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ధ్వని ఎంత వంగుతుందన్నది వేగాలు తేలుస్తాయి గానీ, ఎంత దాటుతుంది, ఎంత వెనక్కి వస్తుంది అన్నది సాంద్రతను వేగంతో గుణించగా వచ్చే అవరోధాన్ని బట్టి ఉంటుంది. స్కానింగ్ గదిలో పొట్ట మీద చల్లటి జెల్ పూసేదీ, పట్టాల ట్రాలీ మీద నీళ్ల క్యాను ఉండేదీ మధ్యలో గాలి పొర లేకుండా చేయడానికే. సాంద్రతకు నిజమైన చోటు అక్కడుంది.

చోటున్న ఇంకొక సందర్భం ఎండమావి. మా సీనియర్ లెక్చరర్ ఒకాయన నాతో వాదానికి దిగినప్పుడల్లా దానినే ముందుకు తెస్తారు, ఆయన తెచ్చేది సరైన ఉదాహరణే. మే నెల మధ్యాహ్నం గుత్తి దాటి డోన్ వైపు హైవే మీద పోతుంటే ముందర తారు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది. కంటి ఎత్తులో గాలి 40 డిగ్రీలు, తారును ఆనుకున్న గాలి 60 డిగ్రీలు అనుకుందాం. వేడెక్కిన గాలి పలచబడుతుంది; రెండింటి వక్రీభవన గుణకాల తేడా పది లక్షల్లో పదిహేను భాగాల ప్రాంతంలో ఉంటుంది. అంత చిన్న తేడాకు ఆకాశం నుంచి దిగే కాంతి తిరిగి పైకి లేవాలంటే అది తారును దాదాపు ఒరుసుకుంటూ, డిగ్రీలో మూడో వంతు కోణంలో రావాలి. కారులో కూర్చున్నవారి కన్ను రోడ్డుకు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటే, ఆ కోణం చేరేది 200 మీటర్లకు కాస్త అవతల. మనం ఎంత పోయినా ఆ నీళ్లు అంతే దూరంలో ఉండడానికి కారణం ఇదే. ఇక్కడ ఉన్నది ఒకే పదార్థం, గాలి. చిక్కబడినా పలచబడినా అవే అణువులు, అవే ఎలక్ట్రాన్లు, వాటి సంఖ్య మాత్రమే మారుతుంది. ఇలాంటి చోట సాంద్రత అన్న మాట నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. ఒక పదార్థం లోపల చెల్లే మాటను వేర్వేరు పదార్థాల మధ్య నడపడమే తప్పని నేను ఆయనకు చెబుతాను. ఆయన ఒప్పుకోరు, ఎన్నో ఏళ్లుగా అందరూ వాడుతున్న మాటను నీ ఒక్కడి కోసం మార్చాలా అంటారు. పిల్లలు పోటీ పరీక్షలకు పోతే అక్కడ ఆ మాటే ఉంటుందని కూడా అంటారు. ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు.

అయినా నేను కొన్నేళ్లుగా తరగతిలో ‘నిదాన యానకం’, ‘జోరు యానకం’ అనే చెబుతున్నాను. నిదానం అన్నది మా ప్రాంతంలో ప్రతి ఇంటా వాడే మాట. బండి తీస్తున్న కొడుక్కి తల్లి చెప్పేది నిదానంగా పొమ్మనే. తరంగం నిదాన యానకంలోకి పోతే లంబం వైపు తిరుగుతుంది, జోరు యానకంలోకి పోతే దూరం తిరుగుతుంది. ఈ వాక్యం కాంతికి, ధ్వనికి, నీటి మీది అలలకు, భూకంప తరంగాలకు మార్పు లేకుండా చెల్లుతుంది. కిరోసిన్‌కు మినహాయింపు అక్కరలేదు, ఉక్కుకు అక్కరలేదు. పైగా ‘నిదానం’ అనగానే ‘ఎవరికి నిదానం?’ అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. సాంద్రత పదార్థపు సొంత గుణంలా వినిపిస్తుంది కాబట్టి ఆ ప్రశ్న రానివ్వదు. కిందటేడు నీటి గురించి చెబుతూ ‘ఇది నిదాన యానకం’ అని రాయగానే వెనక బెంచీ నుంచి ఒకడు, “కాంతికా సార్, సౌండుకా?” అని అడిగాడు. పదిహేనేళ్లుగా చెబుతున్న పాఠంలో ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

పబ్లిక్ పరీక్షల ముందు రోజు మాత్రం వాళ్లందరినీ కూర్చోబెట్టి, జవాబు పత్రంలో ‘సాంద్రతర యానకం’ అనే రాయమని చెప్పి పంపాను.